క్విజ్ పేరుతో ఈ బిట్ పేపర్లు ఇక చాలు

జనరల్ నాలెడ్జ్ అంటే మనవాళ్ల దృష్టిలో బిట్ పేపరే. కాలనీలో క్విజ్ పెట్టినా, స్కూల్ వార్షికోత్సవంలో పెట్టినా, ఫ్యామిలీ గ్రూపులో పండగపూట సరదాకి పెట్టినా అవే ప్రశ్నలు. చార్మినార్ ఎప్పుడు కట్టారు? బాపు అసలు పేరేంటి? ద్వ్యర్థి కావ్యానికి ఉదాహరణ చెప్పండి. ఎవరో టక్కున 1591 అంటారు, సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటారు, రాఘవపాండవీయం అంటారు. పది పాయింట్లు, చప్పట్లు, నెక్స్ట్. గైడు బట్టీ పట్టినవాడు కప్పు పట్టుకెళ్తాడు, మిగతావాళ్లు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. ఇందులో తెలివెక్కడుందో, సరదా ఎక్కడుందో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఆ 1591నే తీసుకోండి. హిజ్రీ కేలండర్‌లో వెయ్యో సంవత్సరం మొదలైంది ఆ ఏడాదే. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరం కట్టించింది, దాని నడిబొడ్డున చార్మినార్ లేపింది ఆ వేళ. ప్లేగు తగ్గినందుకు కట్టాడన్న కథ, భాగమతి కథ ఎలాగూ అందరికీ తెలుసు. వాటి పక్కన ఈ వెయ్యి లెక్క పెట్టి, ఆ ఏడాదికున్న ప్రత్యేకత ఏంటని అడిగి చూడండి. జవాబు తెలియనివాడు కూడా వేళ్లు మడిచి లెక్కలేస్తాడు, పక్కవాడితో గుసగుసలాడతాడు. నాకు కావాల్సింది ఆ గుసగుస.

రామప్ప గుడి మీద అడిగేది ఎప్పుడూ యునెస్కో గుర్తింపు ఎప్పుడొచ్చిందనే. 2021. సరే, అయితే ఏంటి? 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి గోడలూ స్తంభాలూ రాతివి. పైన శిఖరం మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. పునాదిలో ఇసుక నింపారు. ఈ మూడు ముక్కలు చెప్పి, శిఖరానికి రాయి ఎందుకు వాడలేదని అడగండి. గ్రూప్ టూకి ప్రిపేరయ్యే కుర్రాడి కంటే ముందు తాపీ మేస్త్రీ చెప్తాడు జవాబు. అలాంటి ప్రశ్నకి నేను పది కాదు, యాభై పాయింట్లు ఇస్తాను.

బాపు విషయానికొస్తే, అసలు పేరుతో మనకేం పని? సంతకం చెరిపేసిన బొమ్మ ఒకటి చూపించి ఎవరిదో చెప్పమనండి. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ చూపించి చందమామలో అది గీసిన చెయ్యి ఎవరిదని అడగండి. శంకర్ అని పేరు గుర్తు రాకపోయినా ఫర్వాలేదు. ఆ బొమ్మకి భయపడి పేజీ తిప్పేసినవాళ్లు గదిలో కనీసం నలుగురుంటారు, వాళ్లు మాట్లాడటం మొదలుపెడతారు.

ఇంతకంటే ఒళ్లు మండే విషయం ఇంకోటుంది. తప్పుడు జవాబులకి కూడా పాయింట్లు ఇవ్వడం. జనగణమనని ప్రపంచంలోనే ఉత్తమ జాతీయ గీతంగా యునెస్కో ప్రకటించిందట! యునెస్కో అలాంటి పోటీలేం పెట్టదు మహాప్రభో. ఆ ఫార్వర్డ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది, మొన్న ఒక క్విజ్‌లో ప్రశ్నగా కూడా వచ్చింది. నిజంగా మన గడ్డ మీద జరిగిన సంగతి మాత్రం ఎవడూ అడగడు. టాగోర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి ఉన్నప్పుడే ఆ పాటని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాశారు. మదనపల్లె చుట్టుపక్కలవాళ్లకే చాలామందికి ఈ సంగతి కొత్త.

పొపాయ్ కథ ఇంకా చిత్రం. పాలకూరలో ఐరన్ లెక్కేసినప్పుడు ఒక దశాంశ బిందువు తప్పు చోట పడి అంకె పదింతలైందని, అది నమ్మే సెగార్ తన కార్టూన్ నావికుడి చేత పాలకూర తినిపించాడని అంటారు. ఇది చెప్పేవాడు లోకం గుట్టు విప్పినట్టు చెప్తాడు. ఆ చుక్క కథకే ఆధారం లేదని తర్వాత తేలింది. పైగా 1932 నాటి స్ట్రిప్‌లో పొపాయ్ చెప్పిన కారణం విటమిన్ ఎ. అపోహని బద్దలు కొట్టే కథే ఇంకో అపోహ! ఇది కదా అడగాల్సిన ప్రశ్న.

పోటీ పరీక్షల్లో బిట్లే వస్తాయి కదా అంటారు. లక్షల మంది రాసే పరీక్షని మిషన్ దిద్దుతుంది, అక్కడ తప్పదు. పండక్కి చుట్టాలు చేరినప్పుడు కూడా ఓఎమ్మార్ షీటేనా? అవధానాలు పుట్టిన భాష మనది. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందని సమస్య ఇస్తే, పాండవులంతటివాళ్లు విరాటుడి కొలువులో చేరారని పూరించిన పద్యం తెనాలి రామకృష్ణుడి పేరు మీద ఈనాటికీ చెప్పుకుంటాం. ఆ జవాబు ఏ గైడులోనూ ఉండదు, అప్పటికప్పుడు పుట్టాల్సిందే. పక్కన అప్రస్తుత ప్రసంగం చేసేవాడొకడు గిల్లుతూనే ఉంటాడు. ఇంత మంచి క్విజ్ మన చేతిలో పెట్టుకుని నాలుగు ఆప్షన్ల ఎ, బి, సి, డి దగ్గర కూలబడ్డాం.

పోయిన సంక్రాంతికి మావాళ్లని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. పీసా టవర్ కట్టడం 1173లో మొదలైంది, మూడో అంతస్తుకి వచ్చేసరికి ఒరిగింది, యుద్ధాలొచ్చి పని దాదాపు వందేళ్లు ఆగింది. ఆగకుండా కట్టేసుంటే కూలిపోయేదంటారు, ఎందుకు? ఇంజనీరైన బాబాయి గురుత్వ కేంద్రం అంటూ పేపర్ మీద బొమ్మలు గీశాడు. పిన్ని అరిసెలు వత్తుతూనే, "మట్టి కూర్చోవద్దూ? మన ఇంటికి బేస్‌మెంట్ వేసి ఒక వానాకాలం వదిలెయ్యలేదా?" అంది. బాబాయి ఫోన్ తీసి చూసి, ఆవిడ చెప్పిందే కరెక్టని ఒప్పుకున్నాడు. 1990లో టవర్ మూసేసి, ఒరగని వైపు కింద నుంచి మట్టి తీసి, 2001లో మళ్లీ తెరిచారని కూడా అందులోనే ఉంది. మట్టి తీస్తే నిలబడటమేంటని అక్కడి నుంచి మళ్లీ గొడవ. భోజనాలు చల్లారిపోయాయి.