నిదానంగా బతకడానికి అర్జెంటు ఏర్పాట్లు

నాకో జబ్బు ఉంది. సాయంత్రం ఆరు దాటితే మొదలవుతుంది. ముందు ఓ నిట్టూర్పు, ఆ వెంటనే "ఆ రోజులే వేరండీ" అనే మాట దానంతటదే నోట్లోంచి ఊడిపడుతుంది. ఎదురుగా మనిషి ఉండాలన్న నియమం కూడా లేదు. మొన్న లిఫ్టులో ఒక్కణ్ణే ఉండి అద్దంతో అన్నాను. అద్దం ఒప్పుకుంది.

దీన్ని జబ్బంటున్నది నేను కాదు. 1688లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే 19 ఏళ్ల వైద్య విద్యార్థి దీని మీద ఏకంగా సిద్ధాంత వ్యాసం రాశాడు. ఇంటికి తిరిగిరావడం అనే అర్థమున్న గ్రీకు మాటకి నొప్పి అనే ఇంకో గ్రీకు మాట అతికించి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. పరాయి చోట ఉన్నవాళ్లు ఇంటి మీద బెంగతో చిక్కిపోతారట. నల్లమందు లాంటి చికిత్సలు ఉన్నాయి గానీ అసలు మందు మాత్రం రోగిని ఇంటికి పంపేయడమే. నా కేసు చిక్కు పడిందే ఇక్కడ. నేను ఇంట్లోనే ఉన్నాను. సొంత సోఫాలో కూర్చుని ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాణ్ణి ఎక్కడికని పంపుతారు? నేను వెళ్లాల్సింది నా పదో ఏటికి. అక్కడికి బండి లేదు.

బండి లేనప్పుడు పదో ఏడునే ఇంటికి రప్పించాలి. అందుకని కుటుంబ క్షేమం దృష్ట్యా నేనొక చారిత్రక నిర్ణయం తీసుకున్నాను. ఆదివారం సాయంత్రం 6.30 నుంచి 7.15 వరకు 'తీరిక' అని రాసి అందరి ఫోన్ క్యాలెండర్లలోకీ పంపాను. పదిహేను నిమిషాల ముందు గుర్తు చేసేలా అలారం కూడా పెట్టాను. మా ఆవిడ 'రావచ్చు' అని నొక్కింది. మావాడు ఇంకో టైము సూచించాడు. అమ్మాయి దగ్గర్నుంచి జవాబే లేదు. పక్క గదిలో ఉంది మరి.

ఇంతకీ నేను రప్పించాలనుకున్న సాయంత్రం ఎలాంటిదో చెప్పాలి. దీపాలు వెలిగే వేళకి అందరం ఒకే గదిలో చేరేవాళ్లం. ప్రార్థన జరిగేది. అమ్మ గొంతెత్తితే మేం అందుకునేవాళ్లం. నాన్న కళ్లు మూసుకునేవారు. అది భక్తో నిద్రో ఎవరికీ అంతుపట్టేది కాదు, గురక వచ్చిన రోజున తప్ప. తమ్ముడు గిల్లేవాడు. నేను ఒక కన్ను మూసి, రెండో కంటితో ఇంకా ఎన్ని చరణాలున్నాయో లెక్కపెట్టుకునేవాణ్ణి. అమ్మ మాత్రం రాగం తప్పకుండా, తాళం తప్పకుండా, దేవుడి పేరుకీ పేరుకీ మధ్యలో "ఒరేయ్, ఆ పొయ్యి కట్టెయ్" అనేది. అదీ అదే రాగంలో. చాలా ఏళ్ల పాటు అది కూడా కీర్తనలో భాగమేననుకున్నాను.

ఎంత నిదానం! ఎంత ప్రశాంతత! ఎవరికీ ఎక్కడికీ పరుగుల్లేవు.

ఈ మాట ఒకరోజు చదువుకున్న మిత్రుడొకాయన దగ్గర అన్నాను. అనకుండా ఉండాల్సింది. భక్తికీ నిదానానికీ చుట్టరికమని నీకెవరు చెప్పారు అన్నాడాయన. ఆరో శతాబ్దంలో క్రైస్తవ సన్యాసుల కోసం బెనెడిక్ట్ అనే మఠాధిపతి రాసిన నియమావళిలో, ప్రార్థనకి పిలుపు వినపడగానే చేతిలో పని చేతిలోనే వదిలి, హుందాతనం చెడకుండా, వీలైనంత వేగంగా రమ్మని ఉందట. ఆలస్యంగా వచ్చినవాళ్లని వాళ్ల స్థానంలో కాకుండా అందరికన్నా చివర నిలబెట్టమని కూడా ఉందట. అంటే హాజరు పట్టీ, లేటు మార్కు మన ఆఫీసు కనిపెట్టినవి కావు. ఇంగ్లండులో సాలిస్‌బరీ ప్రార్థనాలయంలో 1386 నాటిదని చెప్పే గడియారం ఒకటుంది. దానికి ముఖమూ లేదు, ముళ్లూ లేవు. టైమెంతయిందో చూపించదు, గంట కొట్టి పిలుస్తుంది, అంతే. ఇవాళ నన్ను తరుముతున్న ఈ గడియారం చిన్నప్పుడు గుడి ఒళ్లో పెరిగిందన్నమాట. ఆ పై వారం ఆయన ఫోనెత్తడం మానేశాను.

పోనీ గ్రంథాలైనా నా పక్షాన ఉన్నాయా అంటే అదీ లేదు. ఈ రోజులకన్నా పాత రోజులే మేలుగా ఉన్నాయేమని అడగొద్దు, ఆ ప్రశ్న తెలివైనవాళ్లు వేసేది కాదు అని బైబిల్‌లో ప్రసంగి అనే గ్రంథం ఏడో అధ్యాయంలో ఉంది. రెండు వేల ఏళ్లకి పైబడిన మాట. అంటే అప్పటికే జనం ఈ నిట్టూర్పుతో ఆ రాసినాయన్ని విసిగించేశారు. ఏ పాత రోజుల కోసం నేను బెంగపడుతున్నానో, ఆ పాత రోజుల్లోనూ ఎవడో ఓ మూల కూర్చుని అంతకన్నా పాత రోజుల కోసం బెంగపడుతూనే ఉన్నాడు.

అయినా నేను తగ్గలేదు. ఆదివారం వచ్చింది.

ఫోన్లన్నీ పోగుచేసి స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను. నలుగురం ఎదురెదురుగా కూర్చున్నాం. ఓ నిమిషం గడిచింది. రెండో నిమిషంలో అమ్మాయి అడిగింది, "ఇప్పుడేం చెయ్యాలి నాన్నా?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చోవాలి."

"ఎంతసేపు?"

టైము చూద్దామంటే ఫోను డబ్బాలో ఉంది. గోడ గడియారం బ్యాటరీ అయిపోయి నెలలవుతోంది. అది అయిపోయిందని నలుగురికీ ఆ సాయంత్రమే తెలిసింది. అంతలో డబ్బా గలగలమంది. స్టీలు డబ్బాలో వణికే ఫోనుకి మామూలు మోత ఉండదు, ఇంట్లో ఏదో పూనకం వచ్చినట్టుంటుంది. ముగ్గురూ డబ్బా వంక చూడలేదు, నా వంక చూశారు. ఫోను నాదే. '15 నిమిషాల్లో తీరిక' అని గుర్తు చేస్తోంది. టైము తప్పు పెట్టాను.

ప్రార్థనైనా చేద్దాం అన్నాను. నాకు మొదటి రెండు చరణాలు వచ్చు, మూడోది రాదు. ఒంటికన్నుతో లెక్కపెట్టిన మనిషికి లెక్కే గుర్తుంటుంది. మా ఆవిడ మూడో చరణం అందుకుంది, మధ్యలో లేచి వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చి నాలుగోది అందుకుంది. నేను కదల్లేదు. ప్రశాంతతకి భంగం కలగకూడదని.

మావాడికి సందేహం వచ్చింది. "నాన్నా, మీ చిన్నప్పుడు రోజూ ఇలాగే కూర్చునేవాళ్లా?"

"రోజూ. అందరం." కావాలంటే నానమ్మనే అడుగుదాం అని డబ్బా మూత తీసి, అమ్మకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్లో పెట్టాను. సాక్ష్యం అంత బలంగా దొరుకుతుంటే వదులుకుంటానా!

"అమ్మా, ఆ రోజుల్లో సాయంత్రాలు అందరం ఒకచోట ఎంత హాయిగా కూర్చునేవాళ్లమో పిల్లలకి చెప్పు."

అవతల కాసేపు మాట లేదు. అమ్మ నిజంగానే గుర్తు చేసుకుంటోంది.

"మీరు కూర్చునేవాళ్లురా," అంది. "నాకెక్కడ కుదిరేది?"

మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆవిడకి మంచి ప్రావీణ్యం ఉంది. నేను మాట మార్చాలి కాబట్టి, ఇప్పుడేం చేస్తున్నావమ్మా అని అడిగాను.

"ప్రార్థన అయిపోయింది. కాళ్లు చాపుకుని ఫోన్లో వీడియో చూస్తున్నా. మంచి పట్టులో ఉంది, తర్వాత చెయ్. పెట్టెయ్ నాయనా."