షిజి అంటే ఆదేశమేనా?

వాదాంశం: ఏం చెయ్యాలో పైవాళ్లు చెప్పినప్పుడు జపనీస్‌లో వాడే లాంఛనమైన మాట ‘షిజి’. తెలుగు విద్యార్థికి దాన్ని ‘ఆదేశం’ అని నేర్పి వదిలేస్తే సరిపోతుందా? సరిపోతుందని పూర్వపక్షం, పోదని ఉత్తరపక్షం.

పూర్వపక్షం: షిజిని రెండు చిత్రాక్షరాలతో రాస్తారు. మొదటిది వేలు, రెండోది చూపడం. ఇదిగో ఇలా అని వేలుపెట్టి చూపడమన్నమాట. మన ‘ఆదేశం’లో ఉన్న ‘దిశ్’ ధాతువుకూ చూపడమనే అర్థం. ఇంతకంటే బాగా అతికే మాట ఎక్కడ దొరుకుతుంది? దీనికి తోడు ఇలాంటి అర్థమే ఉన్న మేరే, సషిజు, కున్‌రే అనే మాటలన్నీ ఒకేరోజు నెత్తిన పోస్తే పిల్లలు పుస్తకం మూసేస్తారండీ.

ఉత్తరపక్షం: ధాతువు కలిసిందని ఒప్పుకుంటాను. వాడుకే కలవలేదు. కోర్టు ఆదేశం, కలెక్టరు ఆదేశం అని మనం అన్నప్పుడు ధిక్కరిస్తే శిక్ష తప్పదని వినేవాడికి తెలుసు. షిజిలో ఆ బెదిరింపు ఉండి తీరాలని లేదు. మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చెప్పేది షిజి. ఏ బోల్టు ముందు బిగించాలో ఫోర్‌మన్ చెప్పేదీ షిజే. కచ్చితంగా లోబడాల్సిన ఆజ్ఞకు ‘మేరే’ అనే వేరే మాట ఉంది.

పూర్వపక్షం: ఈ గీత మీరు గీసిందా, జపాన్‌వాళ్లు గీసిందా?

ఉత్తరపక్షం: వాళ్ల చట్టమే గీసింది. 1961 నాటి విపత్తుల మూల చట్టం చూడండి. 60వ సెక్షన్ కింద ఊరి మేయర్ ఇళ్లు ఖాళీ చేయమంటే అది ‘హినన్ షిజి’; హినన్ అంటే ప్రమాదం నుంచి తప్పుకుని వెళ్లడం. కదలకపోయినా జరిమానా లేదు. 63వ సెక్షన్ కింద ఒక ప్రాంతాన్ని ప్రమాద ప్రాంతంగా ప్రకటించి, అక్కడినుంచి వెళ్లిపొమ్మనవచ్చు. అక్కడ వాడిన క్రియ ‘మేజురు’, అంటే మేరేలో ఉన్న అక్షరమే. దాన్ని మీరితే లక్ష యెన్ల లోపు జరిమానా లేదా నిర్బంధం. రెంటికీ ‘ఆదేశం’ అని రాస్తే ఏది మీరితే ఏమవుతుందో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

పూర్వపక్షం: ఆ చట్టాన్నే 2021లో దిద్దారు కదా! అంతకుముందు ‘హినన్ కంకొకు’ అని ఒక సిఫారసు, దాని పైమెట్టుగా షిజి ఉండేవి. తేడా జనానికి అర్థం కాలేదు. సిఫారసు వచ్చినా కొందరు ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ ఏడాది మే 20 నుంచి కంకొకు తీసేసి, నాలుగో స్థాయి హెచ్చరికగా షిజి ఒక్కటే ఉంచారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకే పట్టని తేడాని మన పిల్లలు బట్టీ కొట్టాలా?

ఉత్తరపక్షం: రెండూ కలిపాక మిగిలింది షిజి. అప్పుడు కూడా మేరే అనే మాట తేలేదు. 2011 మార్చి 11న సునామీ వస్తుంటే ఇబరాకి తీరంలోని ఓఅరాయ్ పట్టణం, చట్టంలో లేకపోయినా, మైకులో ‘హినన్ మేరే’ అని, ‘హినన్ సెయొ’ అని ఆజ్ఞా రూపంలోనే చెప్పింది. షిజి, మేరే ఒకటే అయితే ఆ రోజు వేరే మాట వాడాల్సిన పనేముంది?

పూర్వపక్షం: 2024 జనవరి 1న జపాన్‌లోని నోతోలో భూకంపం వచ్చినప్పుడు అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అనౌన్సర్ ‘ఇమ సుగు నిగెరు కొతొ’ అని గొంతెత్తింది. అందులో షిజి లేదు, మేరే లేదు, క్రియకు ఆజ్ఞా రూపం కూడా లేదు. ‘వెంటనే పారిపోవడం’ అన్నట్టు ముగిసే వాక్యం. గొంతు చేసిన పనిని మీరు మాటకు అంటగడుతున్నారు.

ఉత్తరపక్షం: బాగుంది. మరి ఈమెయిలుకు గొంతుండదే! టోక్యో ఆఫీసులో చేరిన మన ఇంజినీరు ‘బుచోకి షిజి ఇచ్చాను’ అని రాస్తే, బుచో అంటే తన పై మేనేజరు కాబట్టి, ఆయనకే పనులు పురమాయించినట్టు. పైవాళ్ల దగ్గర ‘అడిగాను’ అనాలి. వాళ్లనుంచి షిజి కావాలంటే క్రియ ‘అఒగు’, తలెత్తి చూడటం. మేరేకు క్రియ ‘కుదసు’, కిందికి దించడం. పైనా కిందా ఆ క్రియల్లోనే ఉన్నాయి. ఇంకో పొరపాటు కేవలం మీ ‘ఆదేశం’ వల్లే వస్తుంది. ఆదేశాన్ని పాటిస్తాం కాబట్టి మనవాళ్లు ‘షిజి ఒ షితగౌ’ అంటారు. ‘షితగౌ’ అంటే లోబడటం. దానికి కర్మను చూపే ‘ఒ’ కాదు, మన ‘కు’ లాంటి ‘ని’ కావాలి: ‘షిజి ని షితగౌ’.

పూర్వపక్షం: అది విభక్తి పాఠం. షిజిని ఏమని నేర్పినా ఆ తప్పు వస్తుంది.

ఉత్తరపక్షం: కొంతవరకు నిజమే. సషిజు మాటేమిటి మరి? ‘నీ సషిజు నాకొద్దు’ అంటే మన ‘నీ పెత్తనం నాకొద్దు’. అదే మాట డబ్బు చెల్లింపుకు రాసే హుండీ పత్రం మీద ‘సషిజు కిన్‌షి’ అని కనబడితే, వెనక సంతకం పెట్టి ఇంకొకరికి బదిలీ చేయకూడదని అర్థం. బ్యాంకువాళ్లు ఆర్డర్ చెక్కు అనే ఆర్డర్ అది. ‘ఆదేశాలు నిషేధం’ అని అనువదిస్తే నవ్విపోతారు. హోటల్లో ఇచ్చే ఆర్డరు సంగతి చెప్పనే అక్కర్లేదు, దానికి ‘చూమొన్’.

పూర్వపక్షం: అన్ని మాటలు చెప్పారు, అసలు గోతిని వదిలేశారు. మద్దతుకీ ‘షిజి’ అనే అంటారు. గౌరవానికి ‘గొ’ చేర్చి కీబోర్డులో ‘గొషిజి’ కొట్టి, వచ్చిన మొదటి అక్షరాలు ఎంచుకుంటే ‘మీ సూచనలకు’ బదులు ‘మీ మద్దతుకు ధన్యవాదాలు’ అని మేనేజరుకు వెళ్తుంది. దానికి కావలసింది అర్థాల చర్చ కాదు, వేలూ చూపూ ఉన్న అక్షరాలను కంటితో గుర్తుపట్టడం. నేను మొదట చెప్పింది అదే.

ఉత్తరపక్షం: అక్షరాల సంగతి మీదే గెలుపు. మాటలు నేర్చుకునే కార్డు వెనక మాత్రం ‘ఆదేశం’ కొట్టేయండి. ‘ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో చెప్పడం, పైవాళ్లకు మనం ఇవ్వం’ అని రాయండి. మేరేకి ఆజ్ఞ, కున్‌రేకి ఉత్తర్వు చాలు.

పూర్వపక్షం: కున్‌రేకి ఒక్క ముక్క సరిపోయి, షిజికి వాక్యం కావాలా?

ఉత్తరపక్షం: కున్‌రే పై ప్రభుత్వ శాఖ నుంచి కింది శాఖకు వెళ్లే కాగితం. జపనీస్‌ను రోమన్ లిపిలో రాసే పద్ధతిని 1937లో మంత్రివర్గం కున్‌రేగా ఇచ్చింది కాబట్టే దాని పేరు కున్‌రే-షికి. అలాంటి కాగితం మీ విద్యార్థి చేతికి రాదు. షిజి మాత్రం ఉద్యోగంలో చేరిన మొదటి పూటే వస్తుంది.