ఆరు మీటర్ల లోతు చాలదా?

"ఎంత లోతు దిగావన్నా?" డైవింగ్ ఫొటో పెట్టిన ప్రతిసారీ మొదట వచ్చే ప్రశ్న ఇదే. ఇక్కడ మధ్యధరా సముద్రంలోని దీవుల దేశం మాల్టాలో నాతో పనిచేసే మనవాళ్ళూ అడుగుతారు, ఖమ్మం నుంచి మా తమ్ముడూ అడుగుతాడు. ఆరు మీటర్లు అని చెప్పగానే అవతలి గొంతులో హుషారు తగ్గిపోతుంది. "అంతేనా? ముప్ఫై, నలభై దిగుతారంట కదా!"

దిగుతారు. ముప్ఫై నేనూ దిగాను. అయినా సెలవు దొరికిందంటే ఫెర్రీ ఎక్కి గోజో దీవికి పోయి, దాని దక్షిణపు ఒడ్డున ఉన్న ఇమ్‌జార్ ఇష్ షీనిలోనే దిగుతాను. రెండు సున్నపురాయి కొండల మధ్య సముద్రం సన్నగా లోపలికి చొచ్చుకొచ్చిన చోటది. చివర చిన్న గులకరాళ్ళ ఒడ్డు, సముద్రం లోపలికి వచ్చే మొగలో 1661లో కట్టిన కాపలా బురుజు. బయట గాలికి అలలు లేస్తున్నా లోపల చాలాసార్లు చెరువులా ఉంటుంది. మాల్టా దీవుల్లో చెప్పుకోదగ్గ నది ఒక్కటీ లేదు, బురద తెచ్చిపోసేది ఏదీ లేదు. అందుకే నీళ్ళలో అంత దూరం కనిపిస్తుంది.

లోతు గురించి అడిగేవాళ్ళకు ఒక చిన్న లెక్క చెప్తాను. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (ఒత్తిడి కొలత) గాలి నింపుకుని, పైకి రావడానికి 50 బార్ మిగుల్చుకుంటే వాడుకోవడానికి 1800 లీటర్లు ఉంటుంది. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఆరు మీటర్ల దగ్గర అది దాదాపు 55 నిమిషాలు వస్తుంది. ముప్ఫై మీటర్ల దగ్గర ఒత్తిడి నీటి పైనున్నదానికి నాలుగింతలు, ప్రతి ఊపిరికీ అంత ఎక్కువ గాలి పోతుంది, కాబట్టి 22 నిమిషాల్లో అయిపోతుంది. పైగా ఎర్ర రంగు నీటి పైపొరల్లోనే ఇంకిపోతుంది, కింద లైటు వేస్తే తప్ప అన్నీ నీలంగా, బూడిదగా కనిపిస్తాయి. ఎండలో, రంగులు మరీ పోకముందే, తొందర లేకుండా గంటసేపు చూసే వీలుంటే దాన్ని "నేర్చుకునేవాళ్ళ చోటు" అని ఎందుకు తీసిపారేస్తారో నాకు అర్థం కాదు.

అసలు చూడాల్సింది అక్కడి గడ్డి. చాలామంది నాచు అనుకుంటారు. నాచు కాదు. పొసిడోనియా ఓషియానికా అనే మొక్క అది. వేళ్ళుంటాయి, ఆకులుంటాయి, పూస్తుంది, కాయలు కాస్తుంది. మధ్యధరా సముద్రంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగదు. ఆకులు మీటరు దాకా సాగుతాయి కానీ, దుబ్బు పక్కకు పాకేది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. అడుగున పాత వేళ్ళు, ఇసుక కలిసి గట్టి పరుపులా పేరుకుంటాయి. ఆ పరుపు వందల ఏళ్ళ కార్బన్‌ను పట్టి ఉంచుతుంది, ఒడ్డు కోసుకుపోకుండా ఆపుతుంది. చేపపిల్లలు పెరిగేది ఆ ఆకుల మధ్యే. ఓపిగ్గా వెతికితే సముద్రపు గుర్రం ఒక్కటైనా దొరకొచ్చు, తోకను గడ్డిపోచకు చుట్టుకుని ఊగుతూ. పక్కన ఇసుక మీద ఆక్టోపస్‌కి చుట్టమైన కటిల్‌ఫిష్ మన కళ్ళ ముందే రంగు మార్చేస్తుంది.

యూరప్‌లో ఈ గడ్డికి 1992 నుంచీ చట్టం రక్షణ ఉంది. అయినా మొన్న అక్కడ చూసిన దృశ్యం ఇంకా మనసులోంచి పోవడం లేదు. ఒక ట్రైనర్ ఆరుగురు కొత్తవాళ్ళను తీసుకొచ్చి సరిగ్గా గడ్డి మీదే వరసగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. మాస్కులో నీళ్ళు తీసేయడం నేర్పుతున్నాడు. రెండు వారల దూరంలో వట్టి ఇసుక ఉంది! పావుగంట తర్వాత వాళ్ళు లేస్తే కింద ఆకులు నలిగి, ఊడి తేలుతున్నాయి. నారుమడిలో గొడ్లను తోలినట్టుంది. ఒడ్డుకు వచ్చాక అడిగితే, "మెత్తగా ఉంటుంది, టెన్షన్ పడరని" అన్నాడు. ఒక్కరోజు, ఒక్క క్లాసు అయితే సరే. వేసవి అంతా రోజూ ఇదే జరిగితే, పడవలవాళ్ళు అదే గడ్డిలో లంగర్లు వేసి ఈడిస్తే, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పాకే మొక్క ఎప్పటికి కోలుకుంటుంది?

లోతు తక్కువ కాబట్టి ఎలా ఉన్నా ఏం కాదు అనుకోవడమే ఈ తప్పులన్నిటికీ మూలం. మనిషి ప్రాణం విషయంలోనూ అంతే. ముప్ఫై నుంచి ఇరవై మీటర్లకు వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి మూడో వంతు పెరుగుతుంది. అదే పది నుంచి నీటి పైదాకా వస్తే రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి కొద్ది మీటర్లు పైకి ఎగిసినా ఊపిరితిత్తి చిరగొచ్చు. నీటిలో మునగకుండా, తేలకుండా ఒకే ఎత్తులో నిలబడటం కూడా ఇక్కడే కష్టం, ఎందుకంటే కాస్త పైకి జరిగినా తేలడానికి తొడుక్కునే జాకెట్‌లో గాలి ఉబ్బిపోతుంది. ఆరు మీటర్ల దగ్గర కదలకుండా నిలబడగలిగినవాడినే నేను మంచి డైవర్ అంటాను. చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో ఎంత లోతు చూపించిందో నాకు అనవసరం.

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఈ గడ్డి మధ్యలో నిలువుగా నిలబడే పెద్ద ఆల్చిప్ప ఒకటి ఉండేది, పిన్నా నోబిలిస్. మీటరుకు పైగా పెరుగుతుంది. 2016లో స్పెయిన్ తీరంలో మొదలైన ఒక పరాన్నజీవి సముద్రం నలుమూలలా వాటిని చంపేసింది. 2019కల్లా అంతరించిపోయే అంచున ఉన్న జీవుల జాబితాలో చేరింది. దానికి మనం చేయగలిగింది పెద్దగా లేదు. మోకాళ్ళు పక్కన ఇసుక మీద పెట్టడం మాత్రం మన చేతిలో పనే కదా!

విశాఖ ఋషికొండలో కూడా ఇప్పుడు డైవింగ్ నేర్పుతున్నారు. అక్కడ ఈ గడ్డి లేదు గానీ, రాళ్ళను పట్టుకుని బతికే జీవాలు ఉన్నాయి. నేర్చుకోబోయేవాళ్ళు ఎన్ని మీటర్లు తీసుకెళ్తారని కాకుండా, దేన్నీ తాకకుండా నిలబడటం నేర్పుతారా అని అడగండి.

జూన్‌లో తమ్ముడు వస్తున్నాడు. మొదటిసారి దిగబోతున్నాడు, వాడికి ముప్ఫై మీటర్ల మీదే ధ్యాస. ట్రైనర్‌తో ముందే మాట్లాడి పెట్టాను. మొదటి రోజంతా ఇసుక మీదే. చేతులు కట్టుకుని, కాళ్ళకు తొడిగిన ఫిన్‌లు కదపకుండా, ఊపిరితోనే నిలబడటం వచ్చాక రెండో రోజు గడ్డి దగ్గరికి తీసుకెళ్తాం.