డిక్కీలో దాక్కున్న 12 వోల్టుల చిన్న బ్యాటరీ గారికి

మహారాజశ్రీ చిన్న బ్యాటరీ గారి దివ్య సముఖమునకు, ఇన్నాళ్లూ మీ యజమానినని భ్రమపడినవాడు నమస్కరించి వ్రాయునది. నేనిక్కడ క్షేమం. ఇన్నాళ్లూ డిక్కీలో ఓ మూల, తివాచీ కింద, మూత చాటున ఉన్న తమరూ క్షేమమని తలుస్తాను. ఇల్లు చేరి మూడు రోజులైంది. లేహ్ దారిలోని సర్చూ చలి ఇంకా మోకాళ్లలోంచి దిగలేదు కనుక రాస్తున్నాను.

అసలు తమరున్నారనే నాకు తెలియదు. నా నేరం అదే. సొంత కారులో లేహ్ దాకా వెళ్లాలని, ఏ బండి కొనాలో తేల్చుకోడానికి ఆర్నెల్లు తపస్సు చేశాను. పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారూ ఉండే హైబ్రిడ్లలో, మోటారు పేరుకే సాయం చేసే మైల్డ్ హైబ్రిడ్ వద్దనుకున్నాను. అది పెళ్లి పంక్తిలో నెయ్యి గిన్నె చూపించి పక్క విస్తరికి వెళ్లిపోయే వడ్డనలాంటిది. గోడ ప్లగ్గుకు గుచ్చి ఛార్జి చేసుకునే ప్లగ్ఇన్ వద్దనుకున్నాను. లేహ్ దారిలో తాండీ పెట్రోలు బంకు దగ్గర 'తర్వాతి బంకు 365 కిలోమీటర్లు' అని బోర్డు పెట్టిన దారిలో ప్లగ్గు ఎక్కడ గుచ్చను? చివరికి, మోటారు ఒక్కటే కూడా బండిని నడపగల స్ట్రాంగ్ హైబ్రిడ్ మీద చెయ్యి పెట్టాను. క్లచ్ లేదు, బెల్టు లేదు, విడిగా స్టార్టరు మోటారు కూడా లేదు. ఓ ప్లానెటరీ గేరు సెట్టు (నడి గేరు చుట్టూ గ్రహాల్లా తిరిగే చిన్న గేర్లు), రెండు మోటార్లు, ఓ పెట్రోలు ఇంజను. 1997లో జపాన్‌లో రోడ్డెక్కిన పద్ధతి, ఇందులో పాడవడానికి ఏముందని నలుగురికీ ఉపన్యాసాలిచ్చాను.

మా మేనమామ కాజీపేట డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. బొమ్మ గీసి చూపిస్తే, "డీజిలు కరెంటు పుట్టిస్తది, కరెంటు చక్రాలు తిప్పుతది. మా ఇంజనుకు చుట్టమేరా ఇది" అని మెచ్చుకున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు: "మరి మొదట లేపే బ్యాటరీ ఏడుందిరా?" పెద్ద బ్యాటరీయే ఇంజన్ని లేపుతుంది మామయ్యా అని నవ్వాను. పాతకాలం చాదస్తం అనుకున్నాను.

ఆ పెద్ద బ్యాటరీ అనే పెద్దాయనకు జరిగిన మర్యాదలు తమరికి తెలియనివి కావు. వెనక సీటు పక్కనున్న జాలీలోంచే ఆయనకు గాలి ఆడాలని, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ డబ్బాల్ని మూడుసార్లు జరిపాను. నాగపూర్ ఎండకి ఆయనకు వేడి చేస్తుందేమోనని ఏసీ పెంచి, మేం దుప్పట్లు కప్పుకున్నాం. ఆయనకు 8 ఏళ్ల వారంటీ. బయల్దేరే ముందు ఆయన ఆరోగ్యానికి పచ్చ టిక్కులతో ఓ కాగితం ఇచ్చిన సర్వీసు సెంటరువారు తమరి పేరైనా ఎత్తలేదు.

బారలాచా కనుమ మీద గాలి పలచబడి ఇంజను రొప్పుతుంటే, ఊపిరితో పనిలేని మోటారు భుజం పట్టింది. నిజంగా పొంగిపోయాను. ఆ సాయంత్రమే సర్చూలో టెంట్లు. 4,290 మీటర్ల ఎత్తు, సెప్టెంబరు చలి. మా బావమరిది టెంటులో ఉండలేక కారులో కూర్చుని పాటలు పెట్టుకున్నాడు. బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కితే పాటలొస్తాయి గానీ, బండి కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ దీపం వెలగదు. అది వెలగనంతసేపూ పెద్దాయన తలుపేసుకుని పడుకుంటాడు, ఖర్చంతా తమరి జేబులోంచే. గంటన్నర పాటలు విన్నాడు. మంచి పాటలేనట.

తెల్లారి బటన్ నొక్కాను. దీపం లేదు, చప్పుడు లేదు. ట్యాంకులో తాండీ పెట్రోలుంది. పెద్దాయన కడుపు నిండుగా ఉంది. కోటలో రాజున్నాడు, ధాన్యముంది, సైన్యముంది, తాళంచెవుల గుత్తి ఉన్న కాపలావాడు మాత్రం లేవడు! తమరు రిలే అనే కరెంటు స్విచ్చు మూస్తే తప్ప దాదాపు 200 వోల్టుల ఆ మహానుభావుడు వేలు కూడా కదపడట. టీ తాగుతున్న నలుగురొచ్చి తోస్తామన్నారు. క్లచ్చే లేని బండిని తోసి ఏం చేస్తారు? ఆర్మీ లారీ ఆగింది. దానిది 24 వోల్టులు, వద్దని దండం పెట్టాను. జంపర్ కేబుల్ నా దగ్గరే ఉంది, డిక్కీలో. డిక్కీకి కరెంటు తాళం. ఆ కరెంటు ఇవ్వాల్సింది తమరు. తమరుండేది డిక్కీలో.

ఇక తమరూ గిమరూ లేదు. పాత కార్లలో బ్యాటరీ పోయేముందు వారం రోజులు మూలుగుతుంది రా, పొద్దున్నే స్టార్టరు 'కుయ్ కుయ్'మంటే ఎంత మొద్దు యజమానికైనా అర్థమవుతుంది. నువ్వు ఇంజను తిప్పవు కాబట్టి నీకు మూలుగే లేదు. నిన్న రాత్రి దాకా నిటారుగా నిలబడి, పొద్దున్నే నడి కొండల్లో నోరు తెరుస్తావా? యాభై రెండేళ్ల వయసులో, ఈ పొట్టతో, వెనక సీటు మడిచి, ఆవకాయ డబ్బాల మీదుగా పాక్కుంటూ కేబుల్ కోసం వెళ్లాను. గాలి చాలని చోట. మా ఆవిడ వీడియో తీసింది.

లేపింది ఎవరనుకున్నావు? బుల్లెట్ మీదొచ్చిన తెనాలి కుర్రాడు. "అంకుల్, దీనికి ఇంజను తిప్పేంత కరెంటు అక్కర్లేదండి, కంప్యూటర్ని లేపితే చాలు" అని, తన బండి పక్క మూత విప్పి, మన బానెట్ కిందున్న ఫ్యూజు పెట్టెలో ఎర్ర మూత తీసి తగిలించాడు. రెడీ దీపం వెలిగింది. లక్షలు పోసిన రెండు మోటార్ల టెక్నాలజీకి ఓ మోటార్‌సైకిల్ ప్రాణం పోసింది. ఆ అబ్బాయి టీ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు.

ఆ తర్వాత లేహ్ దాకా ఎక్కడా ఆపలేదు. పాంగ్‌లో భోజనానికి దిగినా రెడీలోనే, ఒకరు కాపలా. లేహ్‌లో రాత్రిళ్లు లేచి, పసివాడి జ్వరం చూసినట్టు తమరికి వోల్టు మీటరు పెట్టి చూసేవాణ్ణి. 12.6 వోల్టులుంటే నిద్ర, 12.1కి దిగితే స్వెట్టరేసుకుని కిందికి.

నిన్న బ్యాటరీ కొట్టాయన తమరిని చూసి పెదవి విరిచాడు. చలి కాదట, మూడేళ్ల హైదరాబాదు ఎండ తమరి ఆయుష్షు తినేసిందట, చలి పంచనామా రాసిందంతే. అంటే నాలాగే, ఎండలో నోరు మూసుకుని డ్యూటీ చేశారన్నమాట. కొత్తది పెట్టించాను. పాతది ఇస్తే కొంత తగ్గిస్తానన్నాడు. రేపిస్తానని చెప్పి తమరిని ఇంటికి తెచ్చుకున్నాను, ఎందుకో.

ఇట్లు,
ఆర్నెల్లు పరిశోధన చేసినవాడు

తా.క.: మామయ్య రోజూ ఫోన్ చేస్తున్నాడు, యాత్ర ఎట్ల జరిగిందిరా అని. ఇంకా ఎత్తలేదు.