‘మనోళ్లున్నారుగా’ అన్న ధీమా వలస కూలీకి చాలదు

సిక్కోలు (శ్రీకాకుళం) వలసల మీద ఓ మెసేజ్ ఫోన్లలో తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: ‘మనవాళ్లు ఎక్కడికెళ్లినా ఊరోళ్లకు పని ఇప్పిస్తారు, కష్టమొస్తే చూసుకుంటారు. పరిచయాలే బీమా, చట్టాలు దండగ.’ సాక్ష్యంగా అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానొవెటర్‌ పేరు చెప్పారు.

ముందు ఆయన సంగతి. దూరపు పరిచయాలే ఉద్యోగాలు తెస్తాయని 1973లో ఆయన రాసింది నిజమే. అయితే ఆయన అడిగింది బోస్టన్ పక్కన న్యూటన్‌లోని మేనేజర్లనీ సాంకేతిక ఉద్యోగులనీ. కూలీలను కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు వలసొచ్చిన ఎల్ సాల్వడార్ పేదల గురించి సెసీలియా మెన్హీవార్ 2000లో పుస్తకమే రాశారు. ఆదుకోవాల్సిన బంధువుకే నిలకడైన పని, సరైన కాగితాలు లేకపోతే చుట్టరికాలు చిట్లిపోతాయని చూపించారు. మనసు లేక కాదు, చేతిలో లేక.

ఇక మెసేజ్‌లోని మాటలు ఒక్కొక్కటిగా. ‘ఒకడు వెళ్తే పదిమందికి పని.’ దొరుకుతుంది, కానీ అదే పని. గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవ నడుపుతూ ఊరి నుంచి కూలీలను తీసుకెళ్లే తండేలుకు తెలిసింది ఆ హార్బరే. వెంటెళ్లిన కలాసీకీ (పడవ మీద కూలీకీ) అంతే.

‘కష్టమొస్తే మనోళ్లు చూసుకుంటారు.’ ఇది మాత్రం ఒప్పుకోలేను. 2018 చివర్లో గుజరాత్ పడవల మీదున్న మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. పడవలో పక్కనున్నవాడు అన్నో బావమరిదో అయితే, సాయపడాల్సినవాడూ అదే జైల్లో ఉంటాడు. ఊళ్లో ఆడవాళ్లు నెలల తరబడి అధికారుల చుట్టూ తిరిగారు. ప్రభుత్వాలు కదిలాక 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చారు. కొన్ని వారాలకే లాక్‌డౌన్. వేరావల్‌లో వేల మంది చిక్కుబడ్డారు. అందరి పనీ ఒక్కరోజే ఆగితే ఎవరు ఎవరికి చేబదులిస్తారు? ఇళ్లకు చేర్చినవి సర్కారు పెట్టిన బస్సులు.

‘చుట్టమే తీసుకెళ్తాడు కాబట్టి మోసం ఉండదు.’ తండేలు చెడ్డవాడని నేననడం లేదు. సీజన్ ముందు అతని చేతుల మీదుగా అడ్వాన్సు ఇంటికొస్తుంది, బియ్యానికో పాత అప్పుకో పోతుంది. ఆ తర్వాత కూలి తక్కువైందని గట్టిగా అడిగితే మాటపడేది ఆ చుట్టమే. అందుకే అడగరు. ఈ మొహమాటం వల్ల లాభపడేది పడవ యజమాని.

‘చట్టాలు దండగ.’ 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలంది, కూలీకి ఫొటో ఉన్న పాస్‌బుక్, దారి ఖర్చులు, నెల జీతంలో సగానికి తగ్గకుండా స్థానభ్రంశ భత్యం (ఊరు వదిలి వచ్చినందుకు ఇచ్చే డబ్బు) ఇవ్వాలంది. తీసుకెళ్లేవాడు ‘మా మావయ్యే కదా’ అయిపోతే కాగితం మీద కాంట్రాక్టరే కనిపించేవాడు కాదు, ఇవేవీ కలాసీకి అందేవి కావు.