‘ఒక్క ముక్కే కదా’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఒక్క ముక్కే కదా’ గారి దివ్యసముఖానికి,

కర్నూలు నుంచి ఒక కుక్కను సాకుతున్న గృహస్థు నమస్కరించి వ్రాసుకునే మనవి. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారమే గానీ, ప్రస్తుతానికి కుశలమంతా తమరి పక్షానే ఉంది. భోజనాల బల్ల అంచు కింద, చీర కొంగు చాటున, అతిథుల ఎడమచేతి వేళ్ల మధ్య తమరు దినదినాభివృద్ధి చెందుతున్నారని మొన్నటి ఆదివారం మా ఇంటిల్లిపాదీ కళ్లారా చూశాము.

మా చెల్లెలికి కాబోయే మామగారు నంద్యాల నుంచి ముహూర్తాలు మాట్లాడడానికి వచ్చిన ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో తమరికి నేను చెప్పనక్కరలేదు, అదంతా తమరి చేతుల మీదుగానే జరిగింది. పళ్లేలు పెట్టినప్పటి నుంచి మా జిమ్మీ వంటింటి గుమ్మం పక్కన తన గోనెపట్టా మీద, ముందుకాళ్ల మధ్య గడ్డం ఆనించి పడుకునే ఉంది. సంగటి ముద్దలు వచ్చినా, నాటుకోడి పులుసు వచ్చినా కదలలేదు. కళ్లు మాత్రం గిన్నె ఎటు పోతే అటు పోయాయి. అంతలో పెద్దాయన ఎడమచేయి బల్ల కిందికి జారింది. “పాపం, నోరులేని జీవం, ఒగ ముక్కే గదప్పా!” అన్నారు. జిమ్మీ లేచింది, తిన్నది, ఆయన మోకాలి పక్కన చేరి కూర్చుంది. కూర్చుంటే ఆయన పట్టించుకోలేదు. మూలిగితే నవ్వారు. మొరిగితే దాని నోరు మూయించడానికని ఇంకో ముక్క వేశారు. ఆ తరువాత శ్రావణమా, మాఘమా అన్న చర్చ నడుస్తుండగా, జిమ్మీ రెండు కాళ్లూ ఆయన తెల్లపంచె మీద మోపి, పళ్లెంలో ఉన్న తొడముక్కను స్వయంగా తీసుకుంది. చేయి కడుక్కుంటూ ఆయన అందరూ వినేటట్టు నాతో అన్నారు: “కుక్కను సాకితే సాలదప్పా, దానికి రోంత బుద్ధి నేర్పల్ల.”

పంచె ఉతికించి ఇచ్చాము, క్షమాపణ చెప్పుకున్నాము, ముహూర్తం కుదిరింది. ఆ మాట మాత్రం నాకు ఇంకా మింగుడు పడలేదు.

బుద్ధి నేర్పలేదట! ఆ బల్ల దగ్గర పాఠం చెప్పినవారు, పరీక్ష పెట్టినవారు, బహుమతి ఇచ్చినవారు కూడా తమరే కదా! ఏ పని చేస్తే మేలు కలిగిందో ఆ పనినే ప్రాణి మళ్లీ చేస్తుందని అమెరికా మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1898లోనే పిల్లులను పెట్టెల్లో పెట్టి చూపించాడు. కూర్చుంటే ముక్క రాలేదు, మూలిగితే రాలేదు, మొరిగితే వచ్చింది. ఈ మూడింటిలో దేన్ని గుర్తుపెట్టుకోవాలో తెలియనంత మొద్దు కాదు మా జిమ్మీ. పైగా ఆ పెద్దాయన హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసిన మనిషి. థార్న్‌డైక్ పిల్లినీ, మీట నొక్కితే తిండి పడే పెట్టెలో స్కిన్నర్ అనే మరో మనస్తత్వవేత్త పెట్టిన ఎలుకనూ ఒకప్పుడు పరీక్ష కోసం తానూ బట్టీ పట్టే ఉంటారు.

ఆ గోనెపట్టా మీద పడుకోవడం జిమ్మీకి పుట్టుకతో వచ్చిన విద్య కాదని తమరికి తెలిసే ఉంటుంది. ‘అడుక్కోవద్దు’ అని కుక్కకు నేర్పడం కుదరదు. అడుక్కోవడానికి వీలులేని ఇంకొక పనిని నేర్పాలి. పట్టా మీద పడుకున్న కుక్క అదే సమయంలో బల్ల దగ్గర నిలబడి ఉండలేదు గనుక, ప్రవర్తనా విశ్లేషణ తెలిసినవారు చూపించే దారి అది. మొదట అది పట్టా వైపు చూస్తే చాలు, క్లిక్కర్ (టిక్కుమనే చిన్న డబ్బీ) నొక్కి, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం తునక, చెనక్కాయ విత్తనమంత, పెట్టాము. తరువాత ఒక కాలు మోపితేనే పెట్టాము, ఆ తరువాత రెండు కాళ్లు, ఆ తరువాత కూర్చుంటేనే, చివరికి గడ్డం నేలకు ఆనించి పడుకుంటేనే. క్లిక్కు అనేది పని జరిగిన క్షణానే పడాలి, ఆలస్యమైతే అది లేచి నిలబడినందుకు బహుమతి అయి కూర్చుంటుంది. పడుకోవడం వచ్చాక ఎంతసేపు, మనకు ఎంత దూరంలో, ఎంత సందడి మధ్య అన్నవాటిని ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోయాము, మూడింటినీ ఒకేసారి పెంచితే కట్టడం మొత్తం కూలుతుంది. ఉత్త పళ్లెం చప్పుడుతో మొదలుపెట్టి, కుక్కర్ కూత మీదుగా, నాటుకోడి పులుసు వాసన దాకా తీసుకువచ్చిన పనిని తమరు ఒక్క భోజనంలో చెడగొట్టారు.

‘ఒక్కటే కదా, అప్పుడప్పుడే కదా’ అని తమరు వినయంగా తలవంచుకుంటారు. విషమంతా ఆ ‘అప్పుడప్పుడు’లోనే ఉంది. స్కిన్నర్ తన ఎలుకలకు తిండి గుళికలను స్వయంగా తయారుచేసుకునే రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం లెక్క చూసుకుంటే సోమవారానికి నిల్వ అయిపోతుందని తేలింది. మళ్లీ కూర్చుని గుళికలు చేయడానికి మనసొప్పక, మీట నొక్కిన ప్రతిసారీ కాక నిమిషానికి ఒక్క నొక్కుకు మాత్రమే గుళిక పడేటట్టు మార్చాడు. ఎలుక మానుకోలేదు సరికదా, నిలకడగా నొక్కుతూనే పోయింది. ఆ మనిషి పొదుపు కోసం చేసిన దాని నుంచి ఒక శాస్త్రమే పుట్టింది. 1957లో ఫెర్‌స్టర్‌తో కలిసి దాని మీద లావుపాటి గ్రంథమే వేశాడు. ప్రతిసారీ దొరికేది ఒకనాడు దొరకడం మానేస్తే ప్రాణి ఆ తేడాను త్వరగానే పసిగడుతుంది, ఎప్పుడు దొరుకుతుందో తెలియనిది మానేస్తే మాత్రం ‘ఈసారి కాకపోతే వచ్చేసారి’ అని ప్రయత్నిస్తూనే ఉంటుంది. మా రాయలసీమవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు, మట్కా చీటీ రాసేవాడి చుట్టూ జనం ఎందుకు తిరుగుతారో ఊరందరికీ తెలుసు. తమరు మా ఇంటి బల్ల కింద మట్కా కంపెనీ తెరిచారు, జిమ్మీ దానికి రోజువారీ ఖాతాదారు.

మేమేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ‘ఈ రోజు నుంచి ఎవ్వరూ బల్ల దగ్గర పెట్టకూడదు’ అని ఇంట్లో అందరమూ మాట అనుకున్నాము. ఈ పద్ధతిని మన బి.ఇడి. పుస్తకాలు ‘విరమణ’ అంటాయి. బహుమతి ఆగితే పని ఆగుతుంది, కానీ ఆగే ముందు ఒక్కోసారి పెచ్చుమీరుతుంది. నిన్నటి మూలుగు ఇవాళ మొరుగుడవుతుంది, మొరుగుడు గోళ్లతో గీకడమవుతుంది, ఇల్లు ఎగిరిపోతుందేమో అనిపిస్తుంది. ఆ ఒక్క అల దాటితే గట్టెక్కినట్టే. సరిగ్గా ఆ అల నడినెత్తికి వచ్చిన క్షణంలోనే తమరు ప్రవేశిస్తారు. “యాల్రా దాన్ని అట్ల ఏడిపిస్తావు, చూడు పాపం ఎట్ల చూస్తాందో” అని అమ్మ గొంతులో వస్తారు. “నాన్నా, ఒక్కటే నాన్నా” అని మా అబ్బాయి గొంతులో వస్తారు. పక్కగదిలో డీఎస్సీకి చదువుకుంటూ, ‘విరమణ అనగానేమి’ అన్న ప్రశ్నకు జవాబును పైకి చదువుతూనే, గుమ్మం కింది నుంచి బిస్కెట్టు ముక్క తోసే మా బావమరిది చేతిలో కూడా వస్తారు. అప్పుడు పెట్టిన ముక్క మూలుగుకు కాదు, గోళ్లతో గీకినందుకు జీతం. మరుసటి రోజు నుంచి అది మూలగడంతో కాలం వృథా చేసుకోదు, నేరుగా గీకడంతోనే మొదలుపెడుతుంది. ఎలుక పెట్టెలో గుళికలు రాల్చే యంత్రం ఒకసారి ఇరుక్కుపోవడం వల్లనే ఈ విరమణ రేఖ, అంటే ఎలుక నొక్కడం క్రమంగా ఆగిపోవడాన్ని చూపే గీత, స్కిన్నర్ కంట మొదటిసారి పడింది. యంత్రానికి జాలి లేదు గనుక ఆ రేఖ పూర్తయింది.

ఇక మర్యాద చాలు. నీకు జాలి అని పేరు పెట్టుకుని తిరిగే ధైర్యం ఎక్కడిది? ఆ పులుసులో ఉల్లిపాయ ఉంది, వెల్లుల్లి ఉంది. రెండూ కుక్క రక్తకణాలను దెబ్బతీసేవే. ఉడికిన కోడి ఎముక విరిగితే సూదిలా చీలి పేగులో గుచ్చుకుంటుంది. పశువుల డాక్టరు బల్ల మీద దాన్ని కదలకుండా పట్టుకుని నిలబడవలసింది నేను. పెట్టినవాడు పుణ్యం మూటగట్టుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాడు, దొడ్లో వాంతి కడిగేది నా భార్య. నీ ముద్దు తీరడానికి ఒక క్షణం చాలు, నువ్వు చేసిన చెరుపు తుడవడానికి నెలలు పడుతుంది. తుడిచాక కూడా, కొన్నాళ్ల విరామం తరువాత పాత అలవాటు దానంతటదే ఒకసారి తలెత్తుతుంది. ఆ రోజున కూడా నువ్వు ఎక్కడో ఒక చేతిలో సిద్ధంగా ఉంటావు.

తమరి బంధువర్గం గురించి కూడా రెండు మాటలు. ‘ఛీ, పో’ అని అరిచేవారు దాని కళ్లలోకి చూసి, దాని పేరు పిలిచి, దానివైపు వంగి అరుస్తారు. ఎవరూ పలకరించని మధ్యాహ్నాన అది తిట్టు కాదు, పలకరింపు. పేపరు చుట్టి కొట్టమనేవారి దయవల్ల అది నేర్చుకున్నదల్లా పేపరు కనబడితే మంచం కింద దూరడం. ఫీజు ముందుగా పుచ్చుకుని, మెడకు బిగుసుకునే గొలుసుతో వచ్చి, ‘దీన్ని లొంగదీయాలి సార్’ అన్న శిక్షకుడికి నేను చెప్పదలచినది ఒకటే. డాల్ఫిన్ మెడకు గొలుసు వేయడం సాధ్యం కాదు, అయినా డాల్ఫిన్ శిక్షకురాలు కరెన్ ప్రయర్ వంటివారు ఒక ఈలతో, నాలుగు చేపముక్కలతో వాటికి చెప్పినమాట వినడం నేర్పారు.

అయితే ఒక విషయంలో మాత్రం తమరికి నమస్కారం పెట్టక తప్పడం లేదు. జాతరల్లో పిల్లలు కొనుక్కునే, నొక్కితే టిక్కుమనే రేకుబొమ్మతో ఎవరైనా కుక్కకు విద్యలు నేర్పవచ్చని స్కిన్నర్ 1951లోనే వ్రాశాడు. నేను క్లిక్కర్ తెప్పించి, టిక్కుకు ఒక తునక చొప్పున పెట్టి, ఆ చప్పుడుకు విలువ వచ్చేదాకా ఓపిక పట్టాను. ఈలోగా మా అమ్మ ఏ శిక్షణా లేకుండా తన సొంత క్లిక్కర్ తయారుచేసుకుంది. ముక్క వేసేముందు ఆమె నాలుకతో ‘ప్చ్’ అంటుంది, అంతే. ఆ ‘ప్చ్’ పడగానే ఎక్కడ నిద్రపోతున్నా జిమ్మీ కుడిచెవి ముందు లేస్తుంది, తరువాత ఎడమచెవి, తరువాత కుక్క. అమ్మ టీవీలో ఎవరి కష్టమో చూసి ‘ప్చ్’ అన్నా వచ్చి మోకాలి మీద గడ్డం పెట్టి, చీర అంచు తడిసేదాకా చొంగ కారుస్తూ నిలబడుతుంది. మొహం వంక చూడదు, చేతి వంక చూస్తుంది. నేను బల్ల దగ్గర ఉంటే పట్టా దిగదు, నేను లేస్తే దిగుతుంది. ఎవరి ముందు ఏ పని చెల్లుతుందో దానికి లెక్కలతో సహా తెలుసు. తిండికి ముందు వినబడే చప్పుడుకే కుక్కకు చొంగ ఊరుతుందని చూపిన పావ్‌లోవ్‌కు నోబెల్ బహుమతి వచ్చినదీ, స్కిన్నర్ పుట్టినదీ ఒకే సంవత్సరం, 1904. ఇద్దరి విద్యనూ ఒక్క నాలుక చప్పుడులో ఇమిడ్చిన మా అమ్మ చదువు ఐదో తరగతి.

అంతటి శక్తి గలవారిని ఇంట్లో నుంచి వెళ్లగొట్టడం నా వల్ల అయ్యే పని కాదని అర్థమయింది గనుక, తమరిని కొలువులో పెట్టుకోవాలని నిశ్చయించాను. షరతులు ఇవి. తమరు ఇకమీదట బల్ల కింద దర్శనమివ్వరాదు. రావలసిన చోటు గోనెపట్టా, రావలసిన సమయం జిమ్మీ దాని మీద గడ్డం ఆనించి పడుకున్నప్పుడు. ‘ప్చ్’ అనే అధికారం అమ్మకే ఉంటుంది, కానీ అది మొరిగినప్పుడు కాదు, ఊరకున్నప్పుడే. పులుసులో ముక్క కాదు, విడిగా ఉడికించి డబ్బాలో పెట్టిన ముక్క. అతిథులు పెట్టదలిస్తే ఆ డబ్బాలో నుంచే, అమ్మ చేతికి ఇచ్చి పెట్టించాలి, పెళ్లివారైనా సరే.

అమ్మ అన్నింటికీ ఒప్పుకుంది, ఒక్క సవరణ కోరింది. శనివారం ఇంట్లో నీచు ఉండదు గనుక, పాపం, ఆ రోజు దానికి పెరుగన్నం ముద్ద పెడతానంటోంది, అది పట్టా మీద ఉన్నా, లేకపోయినా. ఆ సవరణకు నేను ఒప్పుకోలేదు. చర్చలు సాగుతున్నాయి.

ఇట్లు,
జిమ్మీ యజమానిగా రేషన్ కార్డులో తప్ప అన్నిచోట్లా చలామణీ అవుతున్న,
ఒక కర్నూలు గృహస్థు