సవరణ: చలికాలంలో మోటార్‌హోమ్ లిథియం బ్యాటరీ

మిషిగన్, మిన్నెసోటా లాంటి చలిచోట్ల మోటార్‌హోమ్‌ను (లోపలే ఇల్లులా ఉండగలిగే బండిని) నెలల తరబడి నిలిపి ఉంచేవారి కోసం పెట్టిన పోస్టులో, బండి లోపలి లైట్లు, సామాన్లు నడిపే బ్యాటరీ ఏ రకమైనా ఫుల్ చార్జిలో, చార్జర్‌కి తగిలించి ఉంచమని రాశాను. అది లెడ్ యాసిడ్‌కే వర్తిస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి అలా చెప్పడం నా తప్పు. బ్యాటరీ తయారీదారుల మాన్యువళ్లు ఇందుకు భిన్నంగా చెబుతున్నాయి.

లిథియంను దాదాపు సగం చార్జిలో, చార్జర్ తీసేసి ఉంచాలి. అంతకంటే ముఖ్యం, సెల్ ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువుంటే చార్జ్ చేయకూడదు. అప్పుడు లిథియం సెల్‌లోని గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ లోపలికి వెళ్లకుండా పైనే లోహంగా పేరుకుంటుంది. పోయిన కెపాసిటీ మళ్లీ రాదు. మంచి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) చలిలో చార్జింగ్ ఆపేస్తుంది, కానీ చవక బ్యాటరీలన్నిటిలో ఆ రక్షణ ఉండదు. పైకప్పు సోలార్‌ని మరిచిపోతారు, దాన్నీ విడదీయండి.

సగం చార్జిని వోల్ట్‌మీటర్‌తో కొలవలేం. 50 శాతానికీ 80 శాతానికీ తేడా ఇంచుమించు 0.2 వోల్టే, అందుకే షంట్ (బ్యాటరీలోకి వచ్చి పోయే కరెంటును కొలిచే భాగం) ఉన్న మానిటర్ చూడండి. కటాఫ్ స్విచ్ ఆపినా గ్యాస్ డిటెక్టర్ లాంటివి కొన్ని బండ్లలో నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటాయి. అందుకే నెగెటివ్ కేబుల్ ఊడదీసి, నెలకోసారి చార్జి శాతం చూసుకోండి.

లెడ్ యాసిడ్ సంగతి మారలేదు: ఫుల్‌గానే ఉంచాలి. ఖాళీ అయితే అందులోని ద్రవం గడ్డకట్టి పెట్టె పగులుతుంది.